కేప్‌టౌన్‌లో చల్లని నీటి స్కూబా డైవింగ్: హైదరాబాద్ నుంచి వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్‌లోనో అండమాన్‌లోనో డైవింగ్ మొదలుపెట్టి, ఆ తర్వాత కెల్ప్ (సముద్రంలో చెట్టంత ఎత్తు పెరిగే నాచు) అడవుల ఫొటోలు చూసి మనసు పారేసుకున్నవాళ్లు హైదరాబాద్‌లో తక్కువేమీ కాదు. వాళ్లు అడిగే ప్రశ్నలు ఎక్కువగా చలి గురించే ఉంటాయి. అడగాల్సింది సముద్రం మీద వీచే గాలి గురించి. చలికి సూట్ ఉంది, గాలికి మందు లేదు. అందుకే కింది జవాబుల్లో చాలా భాగం తిరిగి తిరిగి గాలి దగ్గరికే వస్తాయి.

చల్లని నీటి డైవింగ్‌కు కేప్‌టౌనే ఎందుకు?

పెద్ద నగరంలో బస చేస్తూనే, గంట ప్రయాణంలో కెల్ప్ అడవి, సీల్స్, మునిగిన ఓడలు అన్నీ చూడగలిగే ఊళ్లు ప్రపంచంలో ఎక్కువ లేవు. పైగా కేప్‌టౌన్‌కు రెండు సముద్ర తీరాలు ఉన్నట్టే లెక్క. పడమటి వైపు అట్లాంటిక్, తూర్పు వైపు ఫాల్స్ బే. ఒక వైపు అలలు ఎగసిపడుతుంటే రెండో వైపు తరచుగా ప్రశాంతంగా ఉంటుంది. ఇంగ్లిష్‌తో పని జరిగిపోతుంది, వాహనాలు మనలాగే ఎడమ వైపు నడుస్తాయి.

అమెరికాలో మాంటెరే, కెనడాలో వాంకూవర్ కూడా చల్లని నీటికి పేరున్నవే. మీ అమ్మాయో తమ్ముడో అక్కడ స్థిరపడి ఉంటే అక్కడికే వెళ్లండి, బస ఖర్చు మిగులుతుంది. సూట్, రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం), ఆరోగ్యం గురించి ఇక్కడ చెప్పినవన్నీ అక్కడా పనికొస్తాయి.

దక్షిణాఫ్రికాలో తెలుగువాళ్లు ఉండేది డర్బన్‌లో కదా? అక్కడికే వెళ్తే పోదా?

తప్పకుండా వెళ్లొచ్చు, కానీ అది వేరే యాత్ర. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ చెరకు తోటల కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో తెలుగు కుటుంబాలూ చాలా వెళ్లాయి. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ ఏర్పడింది. వాళ్లను కలుసుకోవడం మంచి కారణమే. అయితే డర్బన్ తీరాన్ని తాకేది అగుల్హస్ అనే వెచ్చని ప్రవాహం. అక్కడి అలివాల్ షోల్‌లో డైవింగ్ అద్భుతంగా ఉంటుంది కానీ కెల్ప్ అడవి కనబడదు. కేప్‌టౌన్ పడమటి తీరం వెంట పారేది చల్లని బెంగ్వెలా ప్రవాహం. కెల్ప్ పెరిగేది ఆ చలికే.

చల్లని నీళ్లంటే ఎంత చల్లన?

అట్లాంటిక్ వైపు సాధారణంగా 8 నుంచి 14 డిగ్రీల సెల్సియస్. ఫాల్స్ బే చలికాలంలో 12 నుంచి 15, ఎండాకాలంలో 20 దాకా వెళ్తుంది. వైజాగ్ సముద్రం ఏడాదిలో ఎక్కువ భాగం 25 నుంచి 30 మధ్య ఉంటుంది కాబట్టి తేడా మీకే అర్థమవుతుంది. సంక్రాంతి ముందు తెల్లవారుజామున మేడ మీది ట్యాంకు నీళ్లు బకెట్‌లో పట్టుకుని నెత్తిన పోసుకున్నప్పుడు ఒళ్లు జివ్వుమంటుంది చూడండి, అట్లాంటిక్ వైపు నీళ్లు అంతకన్నా చల్లన. అందులో నలభై నిమిషాలు ఉండాలి. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. 12 డిగ్రీల గాలిలో స్వెటర్ చాలు, 12 డిగ్రీల నీటిలో అది దేనికీ చాలదు.

ఏ నెలలో వెళ్లాలి?

అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. జవాబు మాత్రం మన అలవాటైన ఆలోచనకు ఎదురు తిరుగుతుంది.

అక్కడ రుతువులు మనకు తలకిందులు. డిసెంబర్, జనవరి వాళ్లకు ఎండాకాలం. జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం, అంటే ఇక్కడ మనకు వానలు పడుతున్నప్పుడు. ఎండాకాలం వెళ్తే నీళ్లు కాస్త వెచ్చగా ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. ఫాల్స్ బేలో అది నిజమే. అట్లాంటిక్ వైపు సరిగ్గా తిరగబడుతుంది. ఎండాకాలంలో ఆగ్నేయ దిక్కు నుంచి బలమైన గాలి వీస్తుంది. స్థానికులు దాన్ని 'కేప్ డాక్టర్' అంటారు, ఊరి గాలిలోని మురికిని ఊడ్చేస్తుందని. ఆ గాలి పైపొర నీటిని తీరం నుంచి లోపలికి నెట్టేస్తుంది. ఖాళీ అయిన చోటికి లోతుల్లోంచి చల్లని నీరు పైకి వస్తుంది. అందుకే బయట జనం ఐస్‌క్రీమ్ తింటూ తిరుగుతున్న రోజునే నీళ్లలో 9 డిగ్రీలు ఉండొచ్చు. ఆ నీరు చల్లగా ఉన్నంత స్వచ్ఛంగానూ ఉంటుంది. గాలి ఆగి ఎండ కాసిన కొన్ని రోజులకు పాచి సూక్ష్మజీవులు పెరిగి నీరు ఆకుపచ్చగా మారి, చూపు ఆనదు.

అదే ఆగ్నేయ గాలి ఫాల్స్ బేను మాత్రం చిలికి పారేస్తుంది. కాబట్టి ఎండాకాలం డైవింగ్ ఎక్కువగా అట్లాంటిక్ వైపు సాగుతుంది. చలికాలంలో వాయవ్య గాలి వస్తుంది. ఫాల్స్ బే ఒడ్డున ఉన్న సైమన్స్ టౌన్ వైపు తీరానికి కొండలు అడ్డు కాబట్టి ఆ గాలి నేల మీద నుంచి నీటి మీదికి వీచి, అలలను అణచివేస్తుంది. అందువల్ల జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఫాల్స్ బే డైవింగ్‌కు అనుకూలం.

మొదటిసారి వెళ్లేవారికి నా ఓటు చలికాలానికే. నీరు 13, 14 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది, డైవ్ చోట్లు ఒకదానికొకటి దగ్గర. కాకపోతే బయట కూడా చలే, వానలూ ఉంటాయి. కుటుంబంతో కలిసి షికారు కూడా కావాలంటే మార్చి, ఏప్రిల్ నెలలు మధ్యేమార్గం.

ఎన్ని రోజులు కేటాయించాలి?

కచ్చితంగా నాలుగు రోజులు డైవ్ చేయాలనుకుంటే ఎనిమిది రోజులు ఊళ్లో ఉండండి. సగం రోజులు ఖాళీగా వదిలేయమంటే మనవాళ్లకు ప్రాణం పోతుంది. ట్రావెల్స్ వాళ్లు ఇచ్చే పట్టికలో ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా నిండి ఉంటేనే డబ్బుకు తగిన ఫలం అనిపిస్తుంది. ఇక్కడ అది కుదరదు. పడవ వెళ్తుందా, ఏ వైపు వెళ్తుందా అనేది చాలాసార్లు ముందు రోజు సాయంత్రం గాలి, అలల అంచనా చూశాకే చెబుతారు. ముందే డబ్బు కట్టి తేదీలు బిగించుకున్న వైన్ తోటల పర్యటన ఒకటి, సఫారీ ఒకటి పెట్టుకుంటే, గాలి అనుకూలించిన రోజున మీరు బస్సులో ఉంటారు.

నాకు డైవింగ్ అసలు రాదు. నేరుగా కేప్‌టౌన్‌లోనే నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. సైమన్స్ టౌన్‌లోని లాంగ్ బీచ్ శిక్షణకు పేరున్న చోటు. కానీ మందమైన సూట్, తలకు బిగుతైన హుడ్, మొద్దుబారే వేళ్లు, కొత్త పరికరాలు అన్నీ ఒకేసారి నేర్చుకోవడమెందుకు? ముందు వెచ్చని నీటిలో ఓపెన్ వాటర్ అనే మొదటి సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేయండి. మనకు దగ్గరలో వైజాగ్, పుదుచ్చేరి ఉన్నాయి, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి ఉంది, అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ ఉంది.

ఒక జాగ్రత్త. బీచ్‌లో అరగంట చెప్పి, చెయ్యి పట్టుకుని నీళ్లలోకి తీసుకెళ్లి ఫొటో తీసి పంపేది కోర్సు కాదు, పరిచయ డైవ్. ఆ కాగితం చూపిస్తే కేప్‌టౌన్‌లో సిలిండర్ ఇవ్వరు.

ఈత రాకపోయినా స్కూబా చేయవచ్చంటారు. నిజమేనా?

పరిచయ డైవ్‌కు నిజం. సర్టిఫికెట్ కోర్సుకు కాదు. సాధారణంగా ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటిపై తేలుతూ ఉండాలి. హైదరాబాద్‌లో ఈత కొలనులకు కొదవ లేదు. మూడు నెలలు ఉదయాన్నే గచ్చిబౌలి స్టేడియం కొలనుకో, మీ కాలనీ దగ్గరి కొలనుకో వెళ్లండి. ఈత వచ్చినవాడికి నీళ్లలో చిన్న చికాకు చికాకుగానే ఉంటుంది, రానివాడికి అదే గండమవుతుంది.

వైజాగ్‌లో ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ తీసుకున్నాను. అది సరిపోతుందా?

18 మీటర్ల దాకా సరిపోతుంది. కేప్‌టౌన్‌లో కెల్ప్ అడవులు, సీల్స్ ఉండే చోట్లు దాదాపు అన్నీ ఆ లోతులోపే. స్మిట్స్‌వింకిల్ బేలోని మునిగిన ఓడలు 30 మీటర్లు దాటి ఉంటాయి కాబట్టి వాటికి అడ్వాన్స్‌డ్ కోర్సు, డీప్ శిక్షణ కావాలి.

సర్టిఫికెట్ సంగతి అలా ఉంచితే, చివరిసారి ఎప్పుడు డైవ్ చేశారన్నది అసలు ప్రశ్న. ఏడాది దాటితే రిఫ్రెషర్ చేయండి. బయల్దేరే ముందు ఇక్కడే ఏదైనా శిక్షణ కొలనులో మందపాటి చేతి తొడుగులు వేసుకుని మాస్క్ తీసి పెట్టుకోవడం, బకిల్ విప్పడం, గాలి బటన్ నొక్కడం సాధన చేయండి. వట్టి చేతులతో కళ్లు మూసుకుని చేసే పని, 5 మిల్లీమీటర్ల తొడుగులతో చేస్తే వేరే పనిలా ఉంటుంది.

వెట్‌సూటా, డ్రైసూటా?

వెట్‌సూట్‌లోకి నీళ్లు వస్తాయి. లోపలికి వచ్చిన పలుచని నీటి పొరను ఒళ్లు వెచ్చబరుస్తుంది, సూట్‌లోని నియోప్రీన్ రబ్బరు ఆ వేడిని కొంత నిలుపుతుంది. డ్రైసూట్‌లోకి నీళ్లు రావు. లోపల వెచ్చని బట్టలు, వాటి మధ్య గాలి ఉంటాయి. హాయి డ్రైసూట్‌దే. కానీ ఆ గాలిని అదుపులో పెట్టడానికి వేరే శిక్షణ కావాలి. అది లేకుండా వేసుకుంటే గాలి కాళ్లలోకి చేరి, తలకిందులుగా పైకి తేలిపోయే ప్రమాదం ఉంది. ఒక్క యాత్ర కోసమైతే 7 మిల్లీమీటర్ల రెండు ముక్కల వెట్‌సూట్, హుడ్, 5 మిల్లీమీటర్ల తొడుగులు, బూట్లు చాలు.

మందం కన్నా కొలత ముఖ్యం. నడుము వెనక, చంకల కింద, మెడ దగ్గర వదులుగా ఉంటే కదిలిన ప్రతిసారీ వెచ్చబడ్డ నీరు బయటికి పోయి చల్లని నీరు లోపలికి వస్తుంది. అప్పుడు 7 మిల్లీమీటర్లు ఉన్నా దండగే. గట్టు మీద వేసుకున్నప్పుడు కాస్త ఊపిరి బిగపట్టినట్టు, చేతులు పూర్తిగా పైకెత్తడం కష్టంగా ఉండాలి. మొదటిసారి వేసుకునేవారికి ఇరవై నిమిషాలు పడుతుంది, చెమట పడుతుంది, సహనం పోతుంది. పాదానికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి కాలు దూర్చితే జారిపోతుంది. ముందు పిక్కల దాకా లాగి, ముడతలు లేకుండా సరిచేసి, ఆ తర్వాతే తొడల దాకా లాగాలి. గోళ్లతో కాకుండా వేళ్ల మెత్తలతో లాగండి. నియోప్రీన్‌కు గోటి గాటు పడితే అద్దె కొట్టువాళ్లు ఊరుకోరు.

నీళ్లలోకి దిగగానే మెడ వెనక జిప్పు దగ్గర మొదలై వెన్నెముక వెంట సన్నని చల్లని ధార ఒకటి నడుము దాకా దిగుతుంది. ఎవరికైనా మొదటి మాట గొంతులో ఆగిపోయేది అక్కడే. రెండు నిమిషాలు ఓర్చుకుంటే అదే నీరు మిమ్మల్ని కాపాడే పొర అవుతుంది. దాన్ని తప్పించడానికి ఒక మార్గం ఉంది. దిగే ముందు ఫ్లాస్కులోని గోరువెచ్చని నీళ్లు మెడ దగ్గర నుంచి సూట్‌లోకి, తొడుగుల్లోకి పోసుకోండి.

మరో సంగతి. నియోప్రీన్‌లో గాలి బుడగలు ఉంటాయి. 10 మీటర్ల లోతులో పీడనం ఉపరితలానికి రెట్టింపు కాబట్టి అవి నలిగి సూట్ పలుచబడుతుంది. లోతుకు పోయేకొద్దీ చలి పెరుగుతుంది, తేలే గుణం తగ్గుతుంది. గట్టు దగ్గర మాత్రం మందపాటి సూట్ మిమ్మల్ని బాగా తేలుస్తుంది కాబట్టి, అండమాన్‌లో వాడినదాని కంటే చాలా కిలోల సీసం ఎక్కువ కట్టుకోవాలి. మొదటి డైవ్‌లో బరువు సరిచూసుకోవడానికి పది నిమిషాలు అడిగి తీసుకోండి, మొహమాటపడవద్దు.

ఏవి కొనుక్కోవాలి, ఏవి అద్దెకు తీసుకోవాలి?

మాస్క్, డైవ్ కంప్యూటర్ సొంతవి తీసుకెళ్లండి. మిగతావి అద్దెకు. సూట్ కొంటే హైదరాబాద్‌లో దాన్ని వాడే చోటే లేదు. బీరువా పైన మడత పడి ఉండి, రెండేళ్లకు ఆ మడత దగ్గరే పగులుతుంది. బుక్ చేసేటప్పుడే ఎత్తు, బరువు, ఛాతీ, నడుము, పాదం కొలతలు పంపండి. నిజమైన కొలతలు పంపండి. నడుము రెండంగుళాలు తగ్గించి రాస్తే అక్కడ సూట్ మోకాళ్ల దగ్గరే ఆగుతుంది.

టార్చి లైటు లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సామానులో ఉండాలి. కత్తి, కత్తెర లాంటివి చెక్-ఇన్ సామానులో పెట్టాలి. శంషాబాద్‌లో రెగ్యులేటర్ చూసి భద్రతా సిబ్బంది సంచి విప్పమనవచ్చు. సర్టిఫికెట్ కార్డు పైనే పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది.

కళ్లద్దాలు, మీసాలు, మెట్టెలు?

కళ్లద్దాలవారికి పవర్ అద్దాల మాస్కులు దొరుకుతాయి. మెత్తని కాంటాక్ట్ లెన్సులతోనూ చాలామంది డైవ్ చేస్తారు.

మీసం వల్ల మాస్క్ అంచు దగ్గర నీళ్లు కారతాయి. ముక్కు కింద సన్నని గీతలా గీసుకుంటే సరిపోతుంది, మొత్తం తీయనక్కరలేదు. మీసం మీద మమకారం ఉన్నవారికి ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఉంగరాలు తీసేయండి, చలికి వేళ్లు సన్నబడి జారిపోతాయి. బూటులో మెట్టెలు నొక్కుకుంటాయి. మంగళసూత్రం, గొలుసులు సూట్ మెడలో ఇరుక్కుంటాయి కాబట్టి గదిలోనే భద్రపరచండి. వాటిని కారులో మాత్రం వదలవద్దు. తీరం దగ్గర ఆగి ఉన్న కార్ల అద్దాలు పగలగొట్టడం అక్కడ అరుదేమీ కాదు.

చల్లని నీటిలో రెగ్యులేటర్ గడ్డకట్టి గాలి ఆగిపోతుందట కదా?

గాలి ఆగదు, ఆగకుండా బయటికి తన్నుకొస్తుంది. సిలిండర్‌లో అధిక పీడనంలో ఉన్న గాలి ఒక్కసారిగా వ్యాకోచించినప్పుడు బాగా చల్లబడుతుంది. చుట్టూ నీరూ చల్లనిదైతే రెగ్యులేటర్ లోపల మంచు కట్టి, వాల్వు తెరుచుకునే ఉండిపోతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం 10 డిగ్రీలకు పైబడిన నీటికే పనికొచ్చే రెగ్యులేటర్ల మీద ఆ గుర్తు ఉంటుంది. అద్దెకు తీసుకునేటప్పుడు చల్లని నీటి రెగ్యులేటరేనా అని అడగండి. సొంతది తీసుకెళ్తే ఆ గుర్తు చూడండి.

గట్టు మీద చల్లని గాలిలో రెగ్యులేటర్ ఊదిఊది పరీక్షించవద్దు. ఒంటిని తేల్చే జాకెట్‌లోకి గాలి కొద్దికొద్దిగా నింపండి, బటన్ నొక్కిపెట్టి ఉంచవద్దు. ఒకవేళ గాలి తన్నుకొస్తే, రెగ్యులేటర్‌ను పెదవులతో గట్టిగా మూయకుండా పొంగే గాలిలోంచి కావలసినంత పీలుస్తూ, సహచరుడికి సైగ చేసి, మెల్లగా పైకి రండి. దీన్ని కొలనులో ముందే సాధన చేయవచ్చు. చాలా కోర్సుల్లో ఇది నేర్పుతారు కూడా.

దిగగానే ఊపిరి ఆడనట్టు అవుతుందట. అలవాటు చేసుకునే మార్గముందా?

ఒంటికి ఒక్కసారిగా చల్లని నీరు తగలగానే ఊపిరి ఎగపోస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. ఒకటి నుంచి మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. ఆ మూడు నిమిషాలు ఉపరితలంలోనే తేలుతూ ఉండండి, వెంటనే మునగవద్దు. చల్లని నీటిలో కొద్దిసేపు పలుమార్లు మునిగితే శరీరం ఈ ఉలికిపాటును తగ్గించుకుంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి బయల్దేరే ముందు రెండు వారాలు చన్నీళ్ల స్నానం మంచిదే. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఈ సాహసం చేయవద్దు.

కెల్ప్‌లో చిక్కుకుంటే?

కెల్ప్ తీగ కాదు, మిమ్మల్ని చుట్టేయదు. కేప్‌టౌన్‌లో ఎక్కువగా కనిపించే సీ బాంబూకు అడుగున రాయికి పట్టుకున్న వేరులాంటి పట్టు, పొడవాటి కాడ, పైన గాలి నిండిన బుడగ, దాని నుంచి పరుచుకున్న పట్టీల్లాంటి ఆకులు ఉంటాయి. ఆ కాడల మధ్య నుంచి ఈదితే దారి ఉంటుంది. ఇబ్బందంతా పైభాగంలో, ఆకులు అల్లుకున్న చోట. సిలిండర్ వాల్వుకో ఫిన్ (కాలికి తొడిగే ఈత రెక్క) బకిల్‌కో పట్టీ తగులుకుంటే తన్నుకోకండి, గిర్రున తిరగకండి. ఆగి, వెనక్కి ఒక అడుగు ఈది, చేత్తో తీసేయండి. పైకి వచ్చేటప్పుడు ఆకుల మధ్య ఖాళీ చూసి రండి. గాలి తగినంత మిగిలి ఉండగానే తిరుగు ముఖం పడితే ఉపరితలంలో కెల్ప్ మీద దేకాల్సిన పని ఉండదు.

అడుగున ఓపిక ఉంటే చూడదగ్గవి చిన్నవే. షైషార్క్ అనే మూరెడు సొరచేపను ఎవరైనా బెదరగొడితే వృత్తంలా చుట్టుకుని తోకతో కళ్లు మూసుకుంటుంది. తల నుంచి తోక దాకా చారలున్న పైజామా షార్క్, ఆక్టోపస్, రంగురంగుల సముద్రపు నత్తలు కూడా రాళ్ల మధ్యే ఉంటాయి. చేత్తో తాకవద్దు. అబలోన్ గవ్వలు కనిపిస్తే వాటిని అక్కడే వదిలేయండి, దొంగరవాణా కారణంగా చట్టం చాలా కఠినంగా ఉంటుంది.

పెద్ద తెల్ల సొరచేపలు?

అమ్మకు చెప్పడానికి జవాబు కావాలంటే ఇదిగో. ఒకప్పుడు ఫాల్స్ బే వాటికి ప్రసిద్ధి. గత దశాబ్దం చివరి నుంచి అక్కడ అవి దాదాపు కనిపించడం లేదు. సొరచేపలను చంపి కాలేయం మాత్రమే తినే పోర్ట్, స్టార్‌బోర్డ్ అనే రెండు ఆర్కాలు (కిల్లర్ వేల్స్) ఒక కారణమని, చేపల వేట మరో కారణమని వాదనలు ఉన్నాయి. బీచ్‌లలో 2004 నుంచి కొండ మీద కాపలా కూర్చుని సొరచేపలను గమనించే ఏర్పాటు ఉంది. ఆకుపచ్చ జెండా ఉంటే నీరు స్పష్టంగా ఉంది, సొరచేప కనబడలేదని అర్థం. నలుపైతే నీటిలోకి చూపు ఆనడం లేదని, ఎరుపైతే ఈ మధ్యే కనబడిందని. తెల్ల జెండా మీద నల్ల సొరచేప బొమ్మ ఉంటే వెంటనే బయటికి రావాలి.

ఎక్కడెక్కడ డైవ్ చేయాలి?

మొదటి రోజు లాంగ్ బీచ్‌లోనో, సైమన్స్ టౌన్ దగ్గరి ఏ-ఫ్రేమ్‌లోనో సూట్, బరువు సరిచూసుకోండి. రెండో రోజు మిల్లర్స్ పాయింట్ చుట్టుపక్కల కెల్ప్. అక్కడి నుంచి బయల్దేరే గాలి నింపిన రబ్బరు పడవల్లో అంచు మీద కూర్చుని, తాడు పట్టుకుని వెళ్లాలి. సముద్రపు వాంతులు వచ్చేవారు ముందు రాత్రే మాత్ర సంగతి డాక్టరును అడిగి ఉంచుకోవాలి.

అట్లాంటిక్ వైపు హౌట్ బే నుంచి డైకర్ దీవికి వెళ్తే సీల్స్ గుంపులు గుంపులుగా ఉంటాయి. లోతు తక్కువ, ఆట ఎక్కువ. అవి మీ ఫిన్ కొరికి చూస్తాయి, ముఖం దగ్గరికి వచ్చి బుడగలు వదులుతాయి. మీరు వాటి వెంటపడవద్దు, అవే వస్తాయి. అనుభవం ఉన్నవారికి స్మిట్స్‌వింకిల్ బే. కృత్రిమ దిబ్బల కోసం కావాలని ముంచిన ఐదు ఓడల్లో 1978లో మునిగిన ట్రాన్స్‌వాల్ అనే యుద్ధనౌక ఒకటి.

ఈ చోట్లలో చాలావరకు 2004లో ప్రకటించిన టేబుల్ మౌంటెన్ సముద్ర రక్షిత ప్రాంతంలోకి వస్తాయి. డైవ్ చేయడానికి అనుమతి పత్రం కావాలి. దాన్ని ఎలా తీసుకోవాలో డైవ్ కేంద్రం వాళ్లను బుకింగ్ నాడే అడగండి.

ఉబ్బసం, షుగర్, బీపీ ఉంటే?

డైవ్‌కు ముందు ఆరోగ్య ప్రశ్నావళి నింపాలి. కొన్ని ప్రశ్నలకు 'అవును' అంటే డాక్టరు సంతకం అవసరమవుతుంది. ఆ సంతకం హైదరాబాద్‌లోనే తీసుకుని వెళ్లండి. అక్కడికి వెళ్లాక 'లేదు' అని అబద్ధం రాసి దిగేవారు ఉంటారు. చల్లని గాలి పీల్చినప్పుడు ఉబ్బసం రేగుతుంది, చలికి రక్తనాళాలు కుంచించుకుని రక్తపోటు పెరుగుతుంది. నీటి అడుగున అబద్ధం నిలవదు.

జలుబు ఉంటే డైవ్ మానేయండి. మరోటి, చల్లని నీటిలో మూత్రం ఎక్కువగా వస్తుంది. అందుకని నీళ్లు తాగడం తగ్గించేస్తారు, అది తప్పు. ఒంట్లో నీరు తగ్గితే డికంప్రెషన్ జబ్బు (పీడనం తగ్గగానే ఒంట్లోని నైట్రోజన్ బుడగలు కట్టడం) ముప్పు పెరుగుతుంది. రెండు డైవ్‌ల మధ్య గాలి దూరని కోటు, చెవులు కప్పే టోపీ వేసుకోండి. మన మంకీ క్యాప్ చూసి అక్కడ ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. వణుకు మొదలైతే రెండో డైవ్ వద్దు. గట్టెక్కగానే మరిగే నీళ్లతో స్నానం కూడా వద్దు.

టేబుల్ మౌంటెన్‌కు ఎప్పుడు వెళ్లాలి?

డైవింగ్ మొదలవక ముందు. టేబుల్ మౌంటెన్ ఎత్తు 1,086 మీటర్లు. డైవ్ తర్వాత ఒంట్లో మిగిలిన నైట్రోజన్, ఎత్తుకు పోయి పీడనం తగ్గగానే బుడగలు కట్టవచ్చు. విమానం ఎక్కడానికి ఉన్న నియమమే కొండకూ వర్తిస్తుంది. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. నేనైతే పూర్తిగా ఒక రోజు వదిలేయమంటాను. వైజాగ్‌లో ఉదయం డైవ్ చేసి, మధ్యాహ్నం కారులో అరకు వెళ్లేవారికీ ఇదే మాట. అరకు 900 మీటర్ల ఎత్తున ఉంది.

కొండ మీదికి వెళ్లే కేబుల్ కారు బలమైన గాలికి ఆగిపోతుంది, చలికాలంలో కొన్ని రోజులు మరమ్మతుకూ మూస్తారు. తేదీలు చూసుకోండి.

వీసా, విమానం, టీకా?

భారత పాస్‌పోర్టుకు వీసా కావాలి. దరఖాస్తు పద్ధతి మారుతూ ఉంటుంది కాబట్టి తిరిగి డబ్బు రాని టికెట్ కొనకముందే అధికారిక సమాచారం చూడండి. హైదరాబాద్ నుంచి నేరు విమానం లేదు. దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో ఒక్క మార్పుతో చేరవచ్చు. ఆడిస్ అబాబా, నైరోబీ మీదుగా టికెట్ చవగ్గా దొరికితే ఎల్లో ఫీవర్ నిబంధన చూడండి. ఆ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మన దగ్గర నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు.

బీమా?

మామూలు ప్రయాణ బీమాలో చాలాసార్లు స్కూబా ఉండదు, ఉన్నా లోతుకు పరిమితి పెడతారు. పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి. డైవర్ల కోసమే ఉన్న డాన్ లాంటి సంస్థల బీమా విడిగా తీసుకోవడం మేలు. డికంప్రెషన్ జబ్బుకు చేసే పీడన గది చికిత్స బిల్లు సొంత జేబులోంచి కట్టే పరిస్థితి రాకూడదు.

శాకాహారులకు తిండి?

ఇబ్బంది లేదు. భారతీయ హోటళ్లు ఉన్నాయి, కేప్ మలై (అక్కడి ముస్లిం సముదాయం) వంటల్లో మసాలా మనకు పరాయిగా అనిపించదు. బస వంటగది ఉన్న గదిలో తీసుకుంటే డైవ్ రోజున పొద్దున్నే ఉప్మా చేసుకోవచ్చు. చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లేవారికి శుభవార్త: అక్కడి పాత సాకెట్లకు మన గీజర్లకు వాడే పెద్ద మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్ సరిపోతుంది.

డైవింగ్ చేయని ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు?

సైమన్స్ టౌన్‌లోనే బస చేస్తే మీరు నీళ్లలో ఉన్న సమయానికి వాళ్లు నడిచి బోల్డర్స్ బీచ్‌కు వెళ్లి పెంగ్విన్లను చూసి రావచ్చు. ఆఫ్రికన్ పెంగ్విన్ 2024లో తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేరింది. నెల్సన్ మండేలా 18 ఏళ్లు ఖైదీగా ఉన్న రాబెన్ దీవికి పడవలో వెళ్లవచ్చు. ఆ పడవ కూడా గాలి మాట వినాల్సిందే.

ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చు?

బసలో, భోజనంలో తగ్గించండి. ముగ్గురు నలుగురు కలిసి కారు అద్దెకు తీసుకోండి, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉంచుకోండి. సూట్‌లో, బీమాలో, గైడ్‌లో తగ్గించవద్దు.

అంత దూరం వెళ్లాక గాలి వల్ల డైవ్ రద్దైతే?

పడవ బయల్దేరకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, మరో రోజుకు మారుస్తారా అన్నది బుకింగ్‌కు ముందే రాతపూర్వకంగా అడగండి. డైవ్ మాస్టర్ వద్దంటే బతిమాలవద్దు. 'ఇంత దూరం నుంచి వచ్చాం' అన్న మాటకు సముద్రం దగ్గర విలువ లేదు. పడవ ఆగినా, గాలికి చాటుగా ఉన్న తీరం నుంచి నడిచి దిగే వీలుందేమో అడగండి. అదీ కుదరకపోతే, వాటర్‌ఫ్రంట్ దగ్గరి టూ ఓషన్స్ అక్వేరియంలో సర్టిఫికెట్ ఉన్నవారు డైవ్ చేయవచ్చు. అక్కడ కెల్ప్ అడవి తొట్టె ఉంది, గాలి బెడద లేదు. ముందే బుక్ చేయాలి, కార్డు చూపించాలి, కాబట్టి యాత్ర మొదట్లోనే వాళ్లతో మాట్లాడి ఖాళీలు ఏ రోజుల్లో ఉన్నాయో రాసిపెట్టుకోండి.